నూకాలమ్మ గంగాళానికి పట్టిన నూరేళ్ళ చిలుము

కొండపాలెంలో తెలివి ఎవరింట్లో పుట్టిందయ్యా అంటే పైడయ్య ఇంట్లో. ఈ మాట అన్నది పైడయ్యే. పెళ్ళాం ఆదెమ్మ అవునంది, తమ్ముడు గవరయ్య అవునన్నాడు. ముగ్గురు మనుషులు ఒప్పుకున్నాక ఇంక కాదనేవాడెవడు?

వాళ్ళ పశువులశాలలో ఓ రాగి గంగాళం ఉంది. పైడయ్య తల్లి నూకాలమ్మ కాపరానికొస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అప్పటికే అది పాతది. కుడితి పోసీ పోసీ పచ్చగా చిలుము పట్టిపోయింది. ఓనాడు పట్నం నుంచి మ్యూజియం ఆఫీసరొచ్చి, దాన్ని చూసి అక్కడే చతికిలబడ్డాడు.

“ఆహా, ఏం పూతండీ! దీన్ని పాటినా అంటారు. లాటిన్ మాట. అసలర్థం పళ్ళెం. పాత పళ్ళేల మీద పట్టిన పూతకి ఆ పళ్ళెం పేరే వచ్చిందంటారు. నూరేళ్ళ వయసు పడితేగానీ ఇంత అందం రాదు. శుక్రవారం లారీ తెస్తాను. అందాకా దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి. మ్యూజియంలో పెట్టి, పక్కనే అమ్మగారి పేరుతో బోర్డు పెట్టిస్తాను.”

నూకాలమ్మ నోట్లో చుట్ట జారి ఒళ్ళో పడింది. ఎనభై ఏళ్ళలో ఆవిడ పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా ఎవరూ రాసిన పాపాన పోలేదు. అక్కడా తప్పే రాశారు.

“నా పేరేరా? బోర్డు మీదే?” అంటూ కళ్ళొత్తుకుంది. పైడయ్య అక్కడికక్కడే ఒట్టేసుకున్నాడు. ఏమైనా సరే, అమ్మ పేరు బోర్డెక్కాల్సిందే.

“మనం చిలుమంటే తోమాల, ఆళ్ళు పాటినా అంటే దాచాల. సదువంటే అదిరా!” అన్నాడు తమ్ముడితో.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. శాల కప్పు కారుతోంది. గంగాళాన్ని ఇంట్లోకి చేర్చాలి, చెయ్యి వెయ్యకూడదాయె. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ కాళ్ళతో తన్నుకుంటూ దొర్లించుకొచ్చారు. గుమ్మానికి కొట్టుకుని సొట్ట పడింది. అరచేతంత చిలుము రాలిపోయింది.

పైడయ్య లబోదిబోమన్నాడు. ఆదెమ్మ మాత్రం తొణకలేదు. “పూత పళ్ళెం నుంచే వచ్చిందని బాబు సెప్పలేదేటి?” అంది. అంతే! ఇంట్లో కంచాలన్నీ తెచ్చి గంగాళానికి ఆనించారు. కడిగితే పూత పోతుందని చేపల పులుసు మెతుకులతో సహా ఆనించారు. తెల్లారేసరికి పూత ఎక్కలేదుగానీ వీధికుక్క ఎక్కింది. పులుసంతా నాకి, గోళ్ళతో గీరి, ఇంకో జానెడు ఊడగొట్టి మరీ పోయింది.

“నూరేళ్ళ వయసు పడితే వస్తాదన్నాడు గదన్నా,” అన్నాడు గవరయ్య. “మనింట్లో వయసెవరికుంది?”

ముగ్గురూ నూకాలమ్మ వైపు తిరిగారు.

“అమ్మకి ఎనభై. ఇంకో ఇరవై కావాల,” అని లెక్క కట్టాడు పైడయ్య.

“నేనూ కూకుంటాను, నాకు నలభై,” అంది ఆదెమ్మ.

“ఓలమ్మ! నూట ఇరవై ఐపోద్ది. గంగాళం పగిలిపోద్ది!” అని పైడయ్య హడలిపోయాడు.

గేదెకి పన్నెండు, నాలుగు మేకలకి రెండేసి. లెక్క సరిపోయింది. అంతే, గంగాళాన్ని మళ్ళీ కాళ్ళతోనే వాకిట్లోకి దొర్లించి, నూకాలమ్మని అందులో కూర్చోబెట్టి, గేదెనీ మేకల్నీ గంగాళం కడియాలకి కట్టేశారు. గేదెకి మేత వేళయింది. అది తన దారిన అది పోయింది. దాని వెనక గంగాళం, గంగాళంలో నూకాలమ్మ, పక్కన మేకలు ఊరేగింపుగా వీధిలో పడ్డాయి.

“ఒరే, బోర్డొద్దు, ఏటొద్దు, ఆపండ్రా!”

“సెయ్యి ఎయ్యకూడదమ్మా! ఓపిక పట్టు!” అంటూ కొడుకులిద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే పరిగెత్తారు. చివరికి గేదె బురదగుంటలో దిగి పడుకుంది.

శుక్రవారం వచ్చింది. ఆ బురద గంగాళాన్ని చూసి ఆదెమ్మ నొచ్చుకుంది. “ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు తలంటకుండా పంపుతామా?” అని చింతపండు, బూడిద పెట్టి తోమింది. తోమిందంటే అలా ఇలా కాదు, మొహం కనబడేలా తోమింది.

“సెయ్యి ఎయ్యొద్దన్నారు గదే!” అన్నాడు పైడయ్య.

“నేనేశానా? కొబ్బరి పీచేశాను.”

ఆఫీసరు బోర్డు చంకలో పెట్టుకుని లారీ దిగాడు. ధగధగా మెరుస్తున్న గంగాళాన్ని చూసి నోరు తెరిచాడు. “పూతేదయ్యా?”

“సుక్క పోకుండా దాచాం బాబూ,” అని పైడయ్య పచ్చటి చింతపండు నీళ్ళ కుండ ముందు పెట్టాడు.

ఆఫీసరు నెత్తి పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. “ఈ ఇంట్లో మీరు పాడుచెయ్యని పాతది ఇంకేమైనా మిగిలిందా?”

ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. పైడయ్య మొహం వెలిగిపోయింది. ఆఫీసరు తల ఎత్తేలోపు అమ్మని లారీ ఎక్కించి, బోర్డు మెళ్ళో వేశారు. ‘నూకాలమ్మ. తాకరాదు.’ ముసలమ్మ చుట్ట వెలిగించి, అక్షరాలు తడుముకుని మురిసిపోయింది. అమ్మ పేరు బోర్డెక్కిందని పైడయ్య బావురుమన్నాడు.

లారీ కదలబోతుంటే ఆదెమ్మ పరిగెత్తుకొచ్చింది. ఓ చేతిలో చింతపండు, ఓ చేతిలో కొబ్బరి పీచు.

“ఆగండాగండి! అత్తని తోమకుండా పంపేత్తారేటి!”