హంపమ్మ చెయ్యి

నాడి చూడడంలో తనకు పొరపాటు జరగదని ఓబులేశుకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదికే ఇప్పుడు ఒక మనిషి ప్రాణం వచ్చి కూర్చుంది.

ఆదోనిలో మొహియుద్దీన్ హకీం గారి దవాఖానాలో మందులు నూరే పనితో మొదలుపెట్టి, గురువు లేనప్పుడు రోగులను చూసే దాకా ఎదిగాడు అతను. జబ్బుమనిషి నోరు విప్పకముందే జబ్బు చెప్పేస్తాడని బజారులో పేరు. గురువుగారి పద్ధతి వేరు. వచ్చినవారిని చాప మీద కూర్చోబెట్టి, కూజాలోని నీళ్ళిచ్చి, దారి ఎట్లా ఉందో, వానలు పడ్డాయో లేదో అడిగి, చాలాసేపటికి గానీ మణికట్టు ముట్టుకునేవారు కాదు. వయసు మీద పడింది, మాటల మీద మోజు పెరిగింది అనుకునేవాడు ఓబులేశు.

హకీం గారు చుట్టాల పెళ్ళికి రాయచూరు వెళ్ళినప్పుడు, కంబళ్ళు నేసే హంపమ్మ దగ్గుకుంటూ వచ్చింది. ఓబులేశు వెంటనే ఆమె చెయ్యి అందుకున్నాడు. నాడి పరుగెత్తుతోంది. కళ్ళు మూసుకున్నాడు. నొసలు ముడిచాడు. తల అడ్డంగా ఊపాడు.

"గుండె చెడింది. ఇక మగ్గం జోలికి పోవద్దు," అని పొట్లాలు కట్టి ఇచ్చాడు.

హకీం గారు తిరిగి వచ్చిన మరునాడు, ఆమె భర్త సిద్దప్ప వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"మీ చిన్న హకీం మా ఆడమనిషి చెయ్యి పట్టుకున్న్యాడు సాబూ. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో మగ్గం ఆడలే. ఆమె అన్నం ముట్టలే. గోడ తట్టు తిరిగి పండుకుంది. మందు మింగమంటే, పొయ్యేదానికి మందెందుకు అంటాది." ఓబులేశు వైపు చూశాడు. "నోరిప్పకుండానే జబ్బు సెప్తాడంట గదా ఆయప్ప. అన్నం ఎట్ల తినిపించాల్నో గూడా సెప్పమను."

ఓబులేశు ముఖం కందిపోయింది. "ఉస్తాద్, నేను చూసింది నిజం. నాడి అట్లాగే కొట్టుకుంది. నా వేళ్ళు అబద్ధం చెప్పవు. ఆమె మందే మింగకపోతే నేనేం చేసేది?"

"వేళ్ళు అబద్ధం చెప్పవు," అన్నారు హకీం గారు. సిద్దప్పకు నీళ్ళిచ్చి, కాసేపు కూర్చోమన్నారు. శిష్యుణ్ణి చాప మీదికి పిలిచారు. "నీ నాడి నువ్వే పట్టుకో. కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టు. నేను చెప్పేదాకా తీయకు. ఎట్లా ఉంది?"

"నిలకడగా ఉంది ఉస్తాద్."

హకీం గారు అతని కుడి మణికట్టు మీద తన వేళ్ళు ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. వీధిలో ఇత్తడి బిందెలకు సొట్టలు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి ఆయన నొసలు ముడిపడింది. వేళ్ళు మరికాస్త నొక్కారు. దీర్ఘంగా ఊపిరి విడిచారు. తల అడ్డంగా ఊపారు. ఒక్క మాటైనా అనకుండా లేచి, వెనక్కి తిరిగి, తొట్టి దగ్గర చేతులు కడుక్కోసాగారు.

ఓబులేశు తండ్రి పోయింది ఛాతీ నొప్పితోనే. అప్పటికి ఆయనకు పెద్ద వయసేమీ లేదు.

"ఉస్తాద్, ఏం కనబడింది?"

హకీం గారు ఇంకో చెంబు నీళ్ళు ముంచి చేతుల మీద పోసుకున్నారు.

"ఏదైనా సరే, చెప్పండి."

హకీం గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తిరిగి వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నాకే జబ్బూ కనబడలేదు. నీ వేళ్ళనడుగు. అవి అబద్ధం చెప్పవు కదా."

ఓబులేశు తల దించి చూసుకున్నాడు. వలలో పడిన పిట్టలా నాడి అతని వేళ్ళ కింద కొట్టుకుంటోంది. ఆ పరుగు అతనికి కొత్త కాదు. హంపమ్మ చేతిలో చూసినదే.

చాలాసేపు అతను వేళ్ళు తీయలేదు.

ముగ్గురూ కలిసి సిద్దప్ప ఇంటికి వెళ్ళారు. హకీం గారు అరుగు మీదనే కూర్చుండిపోయారు.

"మీరు లోపలికి రారా ఉస్తాద్?"

"రమ్మంటే వస్తాను. ఆమె రమ్మంటే."

లోపల హంపమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అతని గొంతు గుర్తుపట్టింది కాబోలు, బయట ఉన్న చేతిని మెల్లగా కంబళి కిందికి లాక్కుంది. ఆ కదలిక చూసినప్పుడు ఓబులేశుకు, తాను నేర్చిన విద్యంతా ఆ చేతితోబాటు లోపలికి పోయినట్టనిపించింది.

నేల మీద కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మా, ఆ రోజు నేను తప్పు చెప్పాను."

మూలన మగ్గం మీద సగంలో ఆగిన నల్ల కంబళి. గదంతా పులిసిన గంజి వాసన.

"ఇది దేని వాసనమ్మా?"

హంపమ్మ గోడకేసి తిరిగే చెప్పింది. "చింతగింజల గంజి."

"ఉన్నికి గంజి దేనికి?"

ఆమె ఇటు తిరిగింది. గుంటలు పడిన కళ్ళతో అతన్ని వింతగా చూసింది. "గంజి పట్టకుంటే పోగు నిలుస్తాదా? పుటుక్కున తెగుతాది. ఇంత సదువుకుంటివి, ఇది తెలీదా నాయనా?"

"తెలీదమ్మా."

నవ్వబోయింది, దగ్గు వచ్చింది. అరుగు మీద హకీం గారితో మాట్లాడుతున్న సిద్దప్ప గొంతు ఠక్కున ఆగిపోయింది. ఓబులేశు ఆ దగ్గును మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. ఎప్పుడు ఎక్కువవుతుందని అడిగాడు. ఉన్ని ఏకేటప్పుడు అంది. ఆ తర్వాత, అతను అడగకుండానే, అక్క సంగతి చెప్పింది.

"మా యక్క చెయ్యి గూడా ఇట్లే పట్టుకున్న్యాడు ఒకాయన. తల ఊపినాడు, పాయె. ఏమీ సెప్పలే. తెల్లారేసరికి ఆమె లేదు."

ఓబులేశు అక్కడే కూర్చుండిపోయాడు.

బయట ఎండ అరుగు దిగింది. హంపమ్మ కంబళి కింద నుంచి చెయ్యి తీసి అతని ముందుకు చాపింది.

"ఇప్పుడు సూడు నాయనా."

అతను మణికట్టు మీద వేళ్ళు ఆనించాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.