ఉప్పు లేని ఇల్లు

కెజియా వచ్చి ఏడాది దాటింది. వాళ్ళ అమ్మమ్మ జడ మాత్రం ఇంకా బిస్కెట్ల డబ్బాలోనే ఉంది.

అమ్మమ్మ పేరు ఎడ్నా. జమైకాలో పుట్టి జమైకాలోనే కన్నుమూసింది. కన్నుమూసింది అని కెజియా అనదు, బయల్దేరింది అంటుంది. ఆమెది ఒక భక్తిమార్గం, అందులోవాళ్ళకి చావు అన్న మాట నోట రావడం ఇష్టం ఉండదు. వాళ్ళని రస్తాలంటారు. ఎప్పుడో ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టుకుపోయి చెరకు తోటల్లో అమ్మేసిన వాళ్ళ మునిమనవలు. జుట్టు కత్తిరించరు, జడలు కట్టనిస్తారు. మాంసం ముట్టరు. మరీ నిష్ఠగా ఉండేవాళ్ళు ఉప్పు కూడా వేసుకోరు. ఇథియోపియాయే తమ పుణ్యభూమి అని, ఏనాటికైనా అక్కడికి చేరాలని పాటల్లోనూ ప్రార్థనల్లోనూ తలుచుకుంటూ ఉంటారు. కొందరు నిజంగానే చేరారు. అక్కడి చక్రవర్తి ఒకప్పుడు వాళ్ళలాంటి వాళ్ళకోసం ఇచ్చిన నేల షాషమనె అనే ఊరి దగ్గర ఉంది. కెజియా వచ్చింది ఆ ఊరికే.

ఎడ్నా అడిగింది ఒక్కటే. తన జడ ఒకటి ఆ మట్టిలో పెట్టాలి. అదీ మనవాళ్ళ మధ్య పెట్టాలి. అక్కడి రస్తాల తోటలో ఒక మూల పెడతానంటే ఒప్పుకోలేదు.

"జమైకా వాళ్ళ పక్కన ఉండడానికి అంత దూరం ఎందుకే? ఇక్కడ చోటు లేకనా?" అంది.

మనవాళ్ళ మధ్య అంటే ఊరివాళ్ళ శ్మశానంలో. అక్కడ చోటు కావాలంటే వీధి ఇద్దిర్‌లో పేరుండాలి. ఇద్దిర్ అంటే కష్టానికి తోడు నిలిచే సంఘం. ఎవరింట్లోనైనా మనిషి పోతే గుడారం వెయ్యడం, గొయ్యి తవ్వడం, వండిపెట్టడం, పక్కన కూర్చుని ఏడవడం, అన్నీ ఆ సంఘం వాళ్ళే చూసుకుంటారు. కొత్తవాళ్ళని మాత్రం ఏడాదికి ఒక్కసారే చేర్చుకుంటారు.

ఆ ఆదివారం కెజియా తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళింది. సంఘం పెద్ద తుఫా ఆమె పేరు చదివి, ఎవరైనా ఏమైనా అంటారా అని అడిగాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అతని తల్లే లేచి నిలబడింది. ఆవిడని వీధంతా అక్కో లోమి అని పిలుస్తారు. అక్కో అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ.

"మా కప్పు ఈ ఫరంజీకి పనికిరాదు," అంది ఆవిడ. "మా మట్టి మాత్రం కావాలట."

ఫరంజీ అంటే పరదేశి. తుఫా చేతిలో కాగితం మడిచాడు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుందాం అన్నాడు. అప్పుడూ కాదంటే ఇంకో ఏడాది ఆగాలి.

కప్పు సంగతి ఏడాది కిందటిది. కెజియా వచ్చిన రెండో వారంలో అక్కో లోమి ఆమెని కాఫీకి పిలిచింది. ఆ దేశంలో కాఫీకి పిలవడం అంటే ఒక పూట పని. నేలమీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి గింజలు అప్పటికప్పుడు కడిగి వేయించి, దంచి, నల్లటి మట్టికూజాలో కాచి పోస్తారు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మూడో కప్పుని బరకా అంటారు, అంటే దీవెన. అది తాగకుండా లేవకూడదు. అక్కో లోమి వాళ్ళ వైపు ఆ కాఫీలో పంచదార వెయ్యరు, ఉప్పు వేస్తారు.

ఉప్పు పడడం చూసి కెజియా కప్పు మీద అరచెయ్యి మూసింది. ఒళ్ళు దేవుడి గుడి అని, అందులోకి ఉప్పు పోనివ్వకూడదని, తనకి పుట్టిన దగ్గరనుంచీ ఆ రుచే తెలియదని వచ్చీ రాని భాషలో చాలాసేపు చెప్పింది. మొదటి కప్పు అవకముందే కెజియా లేచి వచ్చేసింది.

ఆ తర్వాత అక్కో కెజియా ఉండే ఇంటి గుమ్మం తొక్కలేదు. రమ్మని ఎవరైనా అంటే, మా ఆవులకైనా నాకడానికి ఉప్పు పెడతాం, ఆ ఇంటికి నేనెందుకు వెళ్తాను అనేదిట.

కెజియా ఉండేది తన గురువు ఇంట్లో. ఆయన పేరు లెమూయెల్. బాంగో లెమూయెల్ అంటారు, బాంగో అన్నది పెద్దవాళ్ళకి ఇచ్చే గౌరవం. జమైకా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నడుం దాటిన తెల్లటి జడలు, చేతిలో యూకలిప్టస్ కర్ర. చాలా తక్కువ మాట్లాడేవాడు. రోజూ తెల్లవారగానే బయటికి వెళ్ళి ఎండెక్కాక వచ్చేవాడు. ఎక్కడికి అంటే, ప్రార్థనకి అనేవాడు. తనూ వస్తానని కెజియా రెండు మూడుసార్లు అడిగింది. పిలిచినప్పుడు వద్దువుగాని అన్నాడు.

ఆయన వంటిల్లు కెజియాయే చూసేది. ఏడాదిగా అందులో ఉప్పురాయి లేదు. అది ఆమెకి కాస్త గర్వంగానే ఉండేది. మిగతా రస్తాల ఇళ్ళలో అప్పుడప్పుడూ చిటికెడు పడుతుంది. మా బాంగో ఇంట్లో అలా కాదు అని నలుగురిలో అనేది కూడా.

ఆదివారం సాయంత్రం ఆమె ఆయన ముందు కూర్చుని అంతా చెప్పింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తన ముత్తాతల్ని ఈ నేలమీంచే కదా లాక్కుపోయారు, ఈ మట్టి మీద తనకి లేని హక్కు వాళ్ళకేం ఎక్కువుంది అంది. అమ్మమ్మ నలభై ఏళ్ళు నాలుక కట్టుకుని కూర్చుంది, ఆ నిష్ఠ వీళ్ళకేం తెలుసు అంది. చివరికి గొంతు తగ్గించి, తుఫా మీ మాట కాదనడు, ఒక్క మాట చెప్పండి అని అడిగింది.

బాంగో లెమూయెల్ ఆమె ఒళ్ళోని డబ్బా వంక చూశాడు.

"రేపు నాతో ప్రార్థనకి రా బిడ్డా," అన్నాడు.

కెజియా సంగతంతా మరిచిపోయింది. ఏడాదిగా ఎదురుచూసిన పిలుపు అది. తెల్లవారకముందే స్నానం చేసి, జడలకి తెల్లగుడ్డ చుట్టుకుని, కీర్తనల పుస్తకం చేతిలో పట్టుకుంది. ఏమనుకుందో, బిస్కెట్ల డబ్బా కూడా చంకలో పెట్టుకుంది.

ముందు రస్తాల ప్రార్థనామందిరం వచ్చింది. బాంగో ఆగలేదు. తర్వాత గుట్ట మీద ఒంటరి చర్చి కనిపించింది. అటూ తిరగలేదు. యూకలిప్టస్ చెట్లు దాటి, ఎర్రమట్టి సందులోకి దిగి, ఒక రేకుల ఇంటి ముందు చెప్పులు విప్పాడు. కెజియా సందు మధ్యలోనే నిలబడిపోయింది. అది అక్కో లోమి ఇల్లు.

ఆయన పిలవనైనా పిలవకుండా లోపలికి వెళ్ళాడు. తలుపు వెనకనుంచి పొట్టి పీట తీసుకుని వేసుకున్నాడు. ఆ పీట మీద ఆయన కూర్చునే చోట చెక్క నున్నగా అరిగి ఉంది.

"ఎండెక్కాక వస్తావా ఫరంజీ, గింజలు మాడిపోతున్నాయి," అంది అక్కో లోమి పెనం మీంచి తలెత్తకుండానే. తర్వాత గుమ్మంలో కెజియాని చూసింది. పెనం ఆడించే చెయ్యి ఆగింది. కాలితో ఇంకో పీట ముందుకి తోసింది.

గింజలు దంచే పని బాంగోదే. ఆవిడ అడగకుండానే, ఆయన చెప్పకుండానే రోలు ఆయన కాళ్ళ మధ్యకి వచ్చింది. కాఫీ పొంగింది. ఆవిడ మూడు చిన్న కప్పులు పెట్టింది. ఉప్పు గిన్నె తీసి, బాంగో కప్పులో ఒక చిటికెడు వేసి, ఆయన మొహం చూసి, ఇంకో చిటికెడు వేసింది.

"బాంగో, అది ఉప్పు," అంది కెజియా మెల్లగా.

"తెలుసు బిడ్డా."

"ఆయనకి తెలియకపోవడమేంటి," అంది అక్కో లోమి. ముప్పై ఏళ్ళుగా ఈ మనిషికి రెండు చిటికెలు పడాల్సిందేనని, ఒకటే వేస్తే ఆముదం తాగినట్టు మొహం పెడతాడని చెప్పింది. ఇంట్లో గడ్డి పెడుతున్నారు కాబోలు, పొద్దున్నే ఇక్కడ పడి ఉంటాడు అని కూడా అంది.

కెజియా మొహం మాడిపోయింది. ఏడాదిపాటు ఉప్పులేని కూర ఆయన ముందు పెడుతూ తను పడ్డ గర్వమంతా కళ్ళముందు కదిలింది. బాంగో మాత్రం మీసాల్లోంచి చిన్నగా నవ్వాడు.

అప్పుడాయన ఆమెని ఒక మాట అడిగాడు. తమ భాషలో కాదు, అక్కో లోమి భాషలో అడిగాడు.

"మీ అమ్మమ్మ ఉప్పు ఎందుకు మానేసింది?"

కెజియా తడబడుతూ అదే భాషలో చెప్పడం మొదలుపెట్టింది. ఎడ్నాకి వాళ్ళ నానమ్మ చెప్పిన కథ అది. ఓడల్లో తీసుకుపోయినవాళ్ళలో కొందరికి ఎగరడం తెలుసట. ఒకరోజు చెరకు నరికే కత్తులు కింద పడేసి, చేతులు చాపి, సముద్రం మీదుగా ఇంటికి ఎగిరిపోయారట. ఉప్పు తిననివాళ్ళే ఎగరగలిగారు. తిన్నవాళ్ళకి ఒళ్ళు బరువైపోయి నేలమీదే ఉండిపోయారు.

"మరి వాళ్ళెందుకు తిన్నారు?" అంది అక్కో లోమి.

"ఉప్పు చేపలు అక్కో. తోటల్లో అవే పెట్టేవారు."

అక్కో లోమి కూజా కింద పెట్టింది. "ఆకలేస్తే తినరూ మరి," అంది చాలా నెమ్మదిగా. "పాపం, బిడ్డలున్నవాళ్ళు."

తమవాళ్ళు తిన్నవాళ్ళేనని కెజియా చెప్పింది. అందుకే అమ్మమ్మ మానేసిందని, నలభై ఏళ్ళు నాలుక మీద ఉప్పు వెయ్యలేదని, ఒళ్ళు తేలికవుతోంది చూడవే అంటూ ముసలితనంలో కూడా చేతులు చాపి చూపించేదని చెప్పింది. తనకీ ఉగ్గుపాలతోనే ఆ నియమం పెట్టిందని చెప్పింది.

"ఎగిరి ఎక్కడికి రావాలని?" అన్నాడు బాంగో.

కెజియా జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. కాళ్ళకింద పచ్చగడ్డి, గడ్డి కింద ఎర్రమట్టి. గుమ్మంలో ఎండ. ఎదురుగా ఒక అమ్మమ్మ.

"ఇక్క..." అని ఆగిపోయింది.

బాంగో తన కప్పు ఎత్తి తాగాడు.

కెజియా రెండు చేతులా కప్పు పట్టుకుంది. తాగింది. ఆ రుచి తనకి కొత్తది కాకపోవడం ఆమెకి వింతగా అనిపించింది. కన్నీళ్ళు పెదవుల మీదికి జారినప్పటి రుచే అది. రెండో కప్పు తాగింది. మూడోది పోసేటప్పుడు అక్కో లోమి ఎడమచెయ్యి తెచ్చి ఆమె తలగుడ్డ మీద పెట్టి ఉంచింది. కప్పు ఖాళీ అయ్యేదాకా తియ్యలేదు.

"ఆ చంకలో ఏమిటి?" అంది తర్వాత.

కెజియా డబ్బా మూత తీసింది. అక్కో లోమి ఆ నెరిసిన జడని పాపాయిని తీసినట్టు తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని బరువు చూసింది.

"తేలిగ్గానే ఉంది," అంది.

ఆ ఆదివారం తుఫా మళ్ళీ పేరు చదివినప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మళ్ళీ ఆవిడే లేచింది. ఒక్క మాటే అంది.

"మా కప్పు తాగింది."

గురువారం పొద్దున్న వీధి వీధంతా శ్మశానానికి కదిలింది. మగవాళ్ళు మోచేతి లోతు గొయ్యి తవ్వారు. రస్తాలు తమ ప్రార్థనల్లో వాయించే మూడు డోళ్ళూ తెచ్చుకుని, లోపలికి రావచ్చో లేదో తెలియక గేటు దగ్గరే నిలబడ్డారు. అక్కో లోమి తెల్లటి నేతగుడ్డలో చుట్టి తెచ్చిన జడని కెజియా చేతుల్లో పెట్టింది. కెజియా మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని మట్టిలో దించింది. ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్ళు గొంతులు సవరించుకుని ఏడుపు ఎత్తుకోబోయారు.

అంతలో అక్కో లోమి తల వెనక్కి వాల్చి, నాలుక ఆడిస్తూ గొంతెత్తింది. పెళ్ళికూతురు గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు, పురిట్లో బిడ్డ కేరుమన్నప్పుడు వేసే ఇల్లిల్లి అది. అందరూ నివ్వెరపోయారు.

"అమ్మా," అన్నాడు తుఫా సిగ్గుపడుతూ. "చావుకి ఎవరైనా ఇలా వేస్తారా?"

"చావు ఎక్కడో అయిపోయిందిరా. ఇక్కడెవరు చచ్చారు?" అంది ఆవిడ. "ఇది రావడం."

మళ్ళీ గొంతెత్తింది. ఈసారి పక్కనున్న ముసలావిడ అందుకుంది. తర్వాత ఆవిడ కోడలు, తర్వాత వరసంతా. గేటు దగ్గర పెద్ద డోలు ఒక్కసారి మోగింది. తుఫా వెనక్కి తిరిగి లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. మూడు డోళ్ళూ మోగుతూ సమాధుల మధ్యనుంచి నడిచి వచ్చాయి. బాంగో లెమూయెల్ కర్ర కింద పెట్టి, ఎనభై ఏళ్ళ చేతులు రెండూ పక్షిలా బారచాపి, మెల్లగా కిందికి దించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఖాళీ డబ్బా మూత కెజియా చేతిలో గలగలమంటూనే ఉంది.

"దాన్నేం చేస్తావు బిడ్డా?" అన్నాడు బాంగో. "గుర్తుగా దాచుకుంటావా?"

కెజియా మూత తీసి లోపలికి చూసింది. మళ్ళీ పెట్టింది.

"ఉప్పు పోస్తాను బాంగో," అంది. "రేపు అక్కో మనింటికి వస్తానంది."