బుట్టలో వచ్చిన శిష్యుడు

ఐర్లండ్ పడమటి ఒడ్డున బాలిడరగ్ అని ఓ చేపల రేవు. బంగాళాదుంప చేలకు ఎరువుగా సముద్రపు నాచు మోసే గాడిద ఫింటన్‌ది ఆ ఊరే. దేవుడు దానికి వీపు గట్టిగా ఇచ్చాడు, గొంతు అంతకంటే గట్టిగా ఇచ్చాడు, వినేవాళ్లను ఇవ్వడం మాత్రం మరిచాడు. రేవు చరిత్రంతా తనకే తెలుసని దాని నమ్మకం. చరిత్ర అంటే ముఖ్యంగా వాళ్ల తాత. పొగమంచులో రాళ్లమీదికి వస్తున్న ఓడను ఆయన ఒక్క ఓండ్రింపుతో మళ్లించాడట.

ఓ పొద్దున నక్క ఎదురొచ్చింది.

"గురువుగారూ, తాతగారు నిలబడిన బండ కళ్లారా చూడాలి. ఊళ్లో కుక్కలున్నాయి కదా, నన్ను మీ బుట్టలో, నాచు కింద..."

ఫింటన్ కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు శిష్యుడు! బండ పక్కనే తలుపూడిన కోళ్ల గూడుందని దానికి తట్టనే లేదు.

గూటి ముందు ఊనా కోడి, రెక్కల కింద ఆరు పిల్లలు.

"బాబాయ్, బుట్టలో ఏంటి?"

"శిష్యుడమ్మా! చరిత్ర కోసం వచ్చాడు."

"శిష్యుడికి ఎర్రతోక ఉందే?"

"చదువుకునేవాడి వేషంతో మనకేం పని?"

అది నక్కేనని తెలిసి ఊనా రేవు వైపు చూసింది. అప్పుడే జాలర్లు కుక్కలతో బండ కిందుగా పడవల దగ్గరికి దిగుతున్నారు. వేటకెళ్తూ నక్కను చూశారా, ఆ రోజుకి పడవ ఎక్కరు. అది ఆ రేవు ఆచారం.

"అయితే బుట్ట దించకముందే కథంతా చెప్పు బాబాయ్. ఓండ్రింపుతో సహా. తాతగారి స్థాయిలో!"

"క్లుప్తంగా చాలు గురువుగారూ," అంది నాచు.

"చరిత్రలో క్లుప్తమా!"

ఫింటన్ బండెక్కి, కళ్లు మూసుకుని, ఒళ్లంతా కుదిపి ఓండ్రపెట్టింది. బుట్ట ఎగిరింది. నక్క వెళ్లి జాలర్ల కాళ్ల ముందు పడింది.

"నక్క! ఇవాళ వేట లేదురా!"

కుక్కలు దాన్ని మూడు కొండలు దాటించాయి. జాలర్లు గూటి పక్కనే కూర్చుని సాయంత్రం దాకా వలలు బాగుచేసుకున్నారు.

ఫింటన్ కళ్లు తెరిచింది. "శిష్యుడేడీ? అసలు ఘట్టం ఇంకా రానేలేదు!"

"పారిపోయాడు బాబాయ్. నా పిల్లల్ని తినడానికొచ్చాడు."

"అంటే... నా వీపు మీదే మోసుకొచ్చానా?"

"మోసుకొచ్చావు. కుదుపు తగలకుండా."

వినేవాడు దొరికాడని మురిసిపోయే మనలాంటివాళ్లం, వాడు దేనికొచ్చాడో ముందు కనుక్కోవాలి.