చెంగమ్మ అచ్చు

కుమ్మరి పెంచలయ్య కొండ గుహలోని సాధువు దగ్గర శిష్యుడిగా చేరి నెల దాటింది. ఒక్కగానొక్క కూతురు చెంగమ్మ జ్వరంతో పోయాక ఇల్లు వదిలి వచ్చేశాడు. వెంట తెచ్చుకున్నది ఒక్క అచ్చు మాత్రమే. బొమ్మలు చేద్దామని ఒకనాడు ఆ పిల్ల ముఖం మీద తడిమట్టి అద్ది తీసి, అతను కాల్చిన అచ్చు అది. మట్టి చల్లగా తగిలి చెంగమ్మ కిలకిలా నవ్వుతుంటే, కదలొద్దని కసిరాడు. ఆ కసురు ఇప్పటికీ అతని గుండెను కోస్తోంది.

అచ్చును గోడకు ఆనించి దాని ముందే కూర్చునేవాడు. జపం లేదు, తిండి ధ్యాస లేదు.

ఒకరోజు భార్య రవణమ్మ కొండెక్కి వచ్చింది.

"ఇంటికి పోదాం పదయ్యా. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండలేకుండా ఉండా."

పెంచలయ్య తలెత్తలేదు. ఆమె వెళ్ళి గుహ బయట బండ మీద కూర్చుంది.

"ఎట్టా పోయేది సామీ?" అన్నాడు గురువుతో. "పాప నన్నే చూస్తా ఉంది. ఇటు పోతే ఇటు తిరుగుతుంది, అటు పోతే అటు తిరుగుతుంది. దాన్నొదిలి యాడికి పోను?"

కుమ్మరికి అచ్చు సంగతి చెప్పబోతే తాతకు దగ్గులు నేర్పినట్టే. సాధువు ఆ పని పెట్టుకోలేదు.

"దాని ముక్కు పట్టుకో" అన్నాడు.

పెంచలయ్య చెయ్యి చాచాడు. ఉబ్బెత్తుగా కనిపిస్తున్న చోట వేలికి ఏమీ తగల్లేదు. వేలు ఇంకా లోపలికి పోయింది. ముక్కు గుంట. బుగ్గలూ గుంటలే. అచ్చులో ముఖం లోపలికే ఉంటుందని అతనికి తెలియనిదా? అయినా బిడ్డ రెండోసారి పోయినట్టు బావురుమన్నాడు.

కళ్ళు తుడుచుకుని వెనక్కి జరిగాడు. మసక వెలుతురులో ముక్కు మళ్ళీ పైకి లేచింది. చెంగమ్మ మళ్ళీ అతని వైపు తిరిగింది.

"గుంటని తెలిసింది సామీ. అయినా చూస్తానే ఉంది."

సాధువు లేచి గోడ ముందు ఇటునుంచి అటు నడిచాడు. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"నన్నూ చూస్తా ఉంది నాయనా. ఎవరు నడిస్తే వాళ్ళనే చూస్తా ఉంది."

గుహ బయటికి చెయ్యి చూపించాడు.

"ఆయమ్మ మాత్రం నిన్నొక్కణ్ణే చూస్తా ఉంది."

పెంచలయ్య బయటికి వచ్చాడు. రవణమ్మ వాచిన కళ్ళతో అతని వంకే చూస్తోంది. ఎంత చిక్కిపోయిందో అప్పుడు కనిపించింది. తన కళ్ళ మీద నమ్మకం చాలక, వేలు చాచి ఆమె చెంప మీద పెట్టాడు.

తగిలింది. తడిగా ఉంది.