నోరు కట్టుకున్న చేప

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి నాలుగు వైపులా గోడలే, ఆ గోడలన్నీ గాజువే. కింద ఇసుక, పైన మూత, మధ్యలో నీళ్లు. నమ్మకపోతే గాజులపేట వెళ్లి, గాజుల వర్తకుడు చెంగయ్య ఇంటి ముందుగదిలో చూసి రండి. అక్కడే బల్ల మీద ఉంటుంది.

చెంగయ్యకి గాజన్నా ఇష్టమే, చేపలన్నా ఇష్టమే. అందుకే గాజుతొట్టి చేయించి, దూరదేశపు సరస్సుల నుంచి సిక్లిడ్లనే రంగురంగుల చేపల్ని తెప్పించుకున్నాడు. చేపలే గదా అని వదిలేసే మనిషి కాడు. అవి దాక్కోవడానికి గుహలుండాలని రాళ్లు కడిగి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పగిలిన కుండపెంకులు బోర్లించి ఇళ్లు కట్టాడు. నీళ్లన్నీ ఒక్కసారే మారిస్తే చేపలు తట్టుకోలేవని, కొంచెం పాతనీరు తోడి కొంచెం కొత్తనీరు పోసేవాడు. బఠాణీలు ఉడికించి, తొక్క తీసి, నలిపి మరీ పెట్టేవాడు.

"నాకెప్పుడైనా తొక్క తీసి పెట్టావట్రా?" అని వాళ్లమ్మ నరసాయమ్మ నవ్వేది.

ఆ గాజురాజ్యాన్ని నీలిరాజు అనే మగచేప ఏలుతుండేవాడు. ఒళ్లంతా నీలం, మీద నల్లచారలు, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. అందమంతా ఒంట్లోనే ఉంది, నోట్లో మాత్రం లేదు. పెద్దగుహ నాదంటాడు, ఇసుక నాదంటాడు, మీరు ఈదే నీళ్లూ నావేనంటాడు. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అన్నారా! పైగా ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

అదే తొట్టిలో పసిడి అనే ఆడచేప ఉండేది. పసుపుకొమ్ములా మెరిసేది. అదీ మొదట్లో అందరితో కబుర్లాడేదే. ఒకనాటి పొద్దున ఉన్నట్టుండి నోరు మూసుకుని, కుండపెంకు చాటున చేరింది. దాని గొంతు కింద కాస్త ఉబ్బింది.

ఎందుకో మీకు చెప్పేస్తాను, నీలిరాజుకి మాత్రం చెప్పకండి. దాని నోట్లో పిల్లలున్నాయి!

అవును. ఆ జాతి తల్లి గుడ్లు పెట్టగానే నోట్లోకి తీసుకుంటుంది. అవి పిల్లలై, ఈత నేర్చేదాకా నోట్లోనే దాచుకుంటుంది. అన్నాళ్లూ ఒక్క మెతుకు ముట్టదు. నోరు తెరిస్తే పిల్లలు బయటపడతాయి, బయటపడితే పక్కచేపలు మింగేస్తాయి. ఇంతకీ ఆ పిల్లల తండ్రి నీలిరాజే. ఆ సంగతి అతగాడికి గుర్తుంటేనా!

మొదట నీలిరాజే వచ్చాడు. "ఏమే పసిడీ! రాజు వస్తే పలకరించవా? నోరు పడిపోయిందా?" అని తోకకొస కొరికాడు. చురుక్కుమంది. పసిడి "అబ్బా" అని కూడా అనలేదు. ఆ అబ్బా అన్నంతసేపట్లో ఎన్ని పిల్లలు జారిపోతాయో దానికి తెలుసు.

కొన్నాళ్లు పోయాక చెంగయ్య వచ్చాడు. తొట్టిలో బఠాణీ ముక్కలు చల్లాడు. చేపలన్నీ ఎగబడ్డాయి. ఒక ముక్క తేలుతూ తేలుతూ సరిగ్గా పసిడి ముక్కు ముందుకే వచ్చి ఆగింది. పసిడి కడుపు అప్పటికే వెన్నుకంటుకుపోయి ఉంది. ఆ ముక్కని అలా చూసింది, చూసి పక్కకి తిరిగింది. నాకైతే అంత ఓపిక లేదు, ఉన్నమాట చెప్పాలిగా!

ఇంకొన్నాళ్లకి నీలిరాజు పుకారు లేపాడు. "దాని నోట్లో నా ముత్యం ఉంది! దొంగ కాకపోతే నోరు తెరిచి చూపించమనండి!" అన్నాడు. చేపలన్నీ నమ్మి చుట్టూ మూగాయి. ఒక్క మాటతో పోయే నింద అది. ఆ ఒక్క మాటతో పిల్లలూ పోతాయి. పసిడి నిందనే మోసింది. చేపలు దాన్ని తొట్టంతా తరిమాయి.

ఆ గలాభా చెంగయ్య చూశాడు. "అయ్యో అమ్మా, దీని గొంతులో రాయి ఇరుక్కుంది. తిండి కూడా మానేసింది. తీయకపోతే చచ్చిపోతుంది!" అంటూ పసిడిని వలతో పట్టి, తొట్టినీళ్లు పోసిన ఇత్తడిగిన్నెలో వేశాడు. నోరు తెరిపించడానికి ఒక ఈనెపుల్ల విరిచాడు. పాపం, మంచి చేద్దామనే!

ఈనెపుల్ల పెదవికి తగిలింది. పసిడి గిన్నె అంచుదాకా వెనక్కి జరిగింది గాని నోరు విడవలేదు.

"ఆగరా చెంగా!" అంది నరసాయమ్మ. "అది నోరు తెరవలేక కాదురా, తెరవకూడదని బిగబట్టింది. ఆ మాత్రం తేడా తెలియట్లా? గిన్నె మీద గుడ్డ కప్పి నువ్విటు జరుగు."

చెంగయ్య అలాగే చేశాడు. ఇల్లు సద్దుమణిగాక గుడ్డ అంచు మెల్లగా ఎత్తి చూశాడు. పసిడి చుట్టూ చిట్టిచిట్టి పసుపు చేపపిల్లలు ఈదుతున్నాయి! చెంగయ్య నీడ పడగానే పసిడి నోరు తెరిచింది. పిల్లలన్నీ బిలబిలా అందులోకి దూరాయి. ఒకటి దారి తప్పి వెనకబడింది. ఆ ఒక్కటీ లోపలికి వచ్చేదాకా తల్లి నోరు తెరిచే ఉంచింది.

"పిచ్చితల్లి!" అంది నరసాయమ్మ. "నోరు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటోందిరా."

ఆ మాట చెంగయ్యకి కొత్త కాదు. "నరసాయమ్మ గాజుల మలారం మోసి, ఊరూరూ తిరిగి, నోరు కట్టుకుని కొడుకుని పెంచింది" అని ఊరంతా అంటుంటే వింటూనే పెరిగాడు. చిన్నప్పుడు అమ్మ తన కంచంలో ముద్ద అతనికి పెట్టి, "నాకు ఆకలి లేదు నాయనా, నువ్వు తిను" అనేది. అమ్మకి ఆకలి తక్కువ కాబోలనుకునేవాడు. ఇప్పుడు ఆ ఈనెపుల్ల చేతిలో ఉండగా అతని కళ్లు చెమర్చాయి.

"అమ్మా, అప్పట్లో నీకు నిజంగా ఆకలి వేసేది కాదా?"

"వేయకేంరా! ఇన్నేళ్లకి అడిగావు" అని నవ్వింది నరసాయమ్మ.

చెంగయ్య పెద్దతొట్టి పక్కనే చిన్నతొట్టి పెట్టి, పసిడిని అందులో వదిలాడు. పిల్లలకి ఈత బాగా వచ్చాక అది వాటిని విడిచి, ముందుగా ఒక బఠాణీ ముక్క తిన్నది. ఎంత కమ్మగా తిన్నదో! గాజుగోడకి అవతల నీలిరాజు అదంతా చూశాడు. ఏదో అందామని నోరు తెరిచాడు. అలాగే వెనక్కి తిరిగి పెద్దగుహలోకి దూరాడు.

ఆ పూట చెంగయ్య ముందు అమ్మకి వడ్డించి, ఆ తరువాతే తను తిన్నాడు. కూరలో బఠాణీలకి తొక్క కూడా తీశాడు.

అందుకే పిల్లలూ, మాట్లాడనివాళ్లని మూగవాళ్లనీ దొంగలనీ అనకండి. ఎవరిని కాపాడడానికి నోరు కట్టుకున్నారో తెలుసుకున్నాకే మనం నోరు విప్పాలి.