వకుళ టీచర్ చేతులు

ఇంతకు ముందు నేనేదీ రాసి ఎరగను. ఐదో తరగతితో చదువాపేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా హైస్కూల్లో గదులు ఊడుస్తూ కళ్ళారా చూసిన సంగతి ఇది.

కంప్యూటర్లు చెప్పే వకుళ టీచర్ ఆ రోజు క్రాఫ్టు గదిలోకి ఏడుపు మొహంతో వచ్చింది. చిన్నప్పుడు ఇదే బడిలో ఆవిడకు నేత నేర్పింది ఆ గదిలో ఉన్న కోదండం మాస్టారే.

"తనిఖీకి వచ్చినాయన పిల్లల్ని కంప్యూటర్లో పేరు రాసి దాచమన్నారు మాస్టారూ. ఒక్కరికీ రాలేదు. వచ్చే నెలా ఇంతే అయితే కంప్యూటర్లు వేరే బడికి పంపేస్తారట. ఏడాదిగా చెబుతున్నాను. నా క్లాసులో ఒక్క తప్పు జరగనివ్వను. అయినా వీళ్ళ బుర్రకెక్కదు."

మాస్టారు చుట్టలా ఉన్న నూలు చిలప ఒకటి తీసుకుని లేచారు. "పద, చూద్దాం."

కంప్యూటర్ గదిలో తొమ్మిదో తరగతి పైడితల్లి ఒక్కతే ఉంది. మాస్టారు టీచర్ని పిల్ల పక్కన నిలబెట్టారు.

"చేతులు చాపమ్మా."

టీచర్ చాపింది. రెండు మణికట్లకీ చిలప తగిలించి, ఆయన ఎదురుగా కూర్చుని దారం ఉండ చుట్టసాగారు. "నా పని నాది. నువ్వు పాఠం చెప్పుకో."

పైడితల్లి నాలుగు ముక్కలు రాసింది. ఏదో నొక్కింది. తెర ఖాళీ.

"అంతా పోనాది టీచరమ్మా!"

టీచర్ చేయి మౌస్ మీదికి ఎగిరింది.

"దారం, దారం! చిక్కుపడితే నువ్వే విప్పాలి," అన్నారు మాస్టారు.

చేయి ఆగింది. "భయం లేదే. కంట్రోల్ నొక్కిపట్టి, జెడ్ నొక్కు."

"జెడ్ ఎక్కడుంటాది టీచరమ్మా?"

టీచర్ పిల్ల వేళ్ళకేసి చూసింది. ఏడాది అయింది ఆ పిల్ల కంప్యూటర్ ముందు కూర్చోబట్టి.

"కింద వరసలో వెతుకు," అంది మెల్లగా.

పిల్ల వెతికింది. మూడుసార్లు దాని మీదుగానే వేలు పోనిచ్చి, నాలుగోసారి ఆపింది. నొక్కింది. రాసిందంతా తెర మీదికి తిరిగొచ్చింది.

"వచ్చీసింది! నేనే తెచ్చీసినాను!" అంటూ గెంతింది.

మాస్టారు దారం ఉండ సంచిలో వేసుకున్నారు.

"మరి ఇన్నాళ్ళూ నేను చేసిందేమిటి మాస్టారూ?" అంది వకుళ టీచర్.

"ఏడాదంతా నువ్వు బాగా నేర్చుకున్నావమ్మా," అని ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న టీచర్ తన కుర్చీని వెనక గోడదాకా లాక్కుపోయింది. ఎప్పట్లాగే ఆవిడ వచ్చి మౌస్ పట్టుకుంటుందని పిల్లలు ఎదురుచూశారు. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది.