నెమరుదాకా ఆగని గవ్వ

అనగనగా ఒక అడవిలో, వాన రెండేళ్ళపాటు ముఖం చాటేసిన రోజుల్లో, ఒక దుప్పుల మంద మేతకోసం అల్లాడుతూ ఉండేది. ఆ మందలో గవ్వ అని ఒక తల్లి దుప్పి. దానికి ఒక్కటే కూన, పేరు బుడ్డి. బుడ్డి ఇంకా పాలు మానలేదు. అప్పుడప్పుడే ఆకు కొరకడం నేర్చుకుంటోంది. తల్లికే తిండి లేకపోతే పాలెక్కడినుంచి వస్తాయి? ఎండిపోయిన పొదుగును కుమ్మి కుమ్మి బుడ్డి అలసిపోయేది.

పిల్లలూ, దుప్పి మనలా నమిలి మింగదు. ముందు గబగబా మింగేస్తుంది. తరువాత నీడన తీరిగ్గా పడుకుని, మింగినదాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తుంది. అసలు రుచి దానికి అప్పుడుగాని తెలియదు. అందుకే ఆ మందలో ఒక కట్టుబాటు ఉండేది. కొత్త చెట్టు కనబడితే ముందు ఒక్కరే తినాలి. అదీ ఒక్క ఆకే. ఆ ఆకు నెమరుకు వచ్చి, మళ్ళీ కడుపులోకి పోయి, ఒంట్లో ఏ తేడా లేదని తేలేదాకా మిగతావాళ్ళు ముట్టకూడదు. అలా ముందు తినేవారిని 'ముందునోరు' అనేవారు. ముసలి పోలమ్మకు పళ్ళు ఊడిపోయాక ఆ పని గవ్వకు అప్పజెప్పారు.

అడవిలో మేత అయిపోయి, మంద ఒక కొత్త చోటికి వచ్చింది. అది ఎవరో ఎప్పుడో వదిలేసిపోయిన బంగళా తోట. మొదటిరోజు ఒక చిన్న చెట్టు కనబడింది. గవ్వ ఒక ఆకు తిని ఆగింది. బాగానే ఉంది. అందరూ తిన్నారుగాని, అంత మందకు అది ఏ మూలకు? రెండోరోజు ఇంకో చెట్టు. ఆకు నెమరుకు వచ్చేసరికి గవ్వ నాలుక మండిపోయింది. "ఇది వద్దు" అంది. ఆ రోజంతా పస్తే.

"మరీ ఇంత నాజూకైతే ఎలా వదినా?" అని ఆడబిడ్డ సణిగింది.

మూడోరోజు తోట చివర ఒక చెట్టు పచ్చగా కళకళలాడుతూ కనబడింది. చుట్టుపక్కలన్నీ మోడులే, దీనికి మాత్రం ఒక్క ఆకు తగ్గలేదు. పొడుగాటి ఆకులు కొమ్మల చివర గుత్తులుగా ఉన్నాయి. గవ్వ ఒక ఆకు తుంచింది. తెల్లటి పాలు కారాయి. దానికి ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పచెట్టే అవ్వా. ఇప్పకూ ఇలాగే పాలు కారతాయిగా" అంది.

పోలమ్మ తేరిపార చూసింది. "ఇప్పాకు ఇంకా వెడల్పు కదే. పువ్వు చూడు, పచ్చగా గంటలా ఉంది. ఇన్ని నోళ్ళు ఆకలితో తిరుగుతుంటే దీన్నెవరూ ముట్టలేదేం? ఆగి చూడు తల్లీ" అంది.

గవ్వ ఒక్క ఆకు మింగి పడుకుంది. బుడ్డి వచ్చి పొదుగు వెతుక్కుంది. చుక్క రాలేదు.

"ఇంకెంతసేపమ్మా?" అని అడిగింది.

ఆకు ఇంకా నెమరుకు రాలేదు. అయినా గవ్వ లేచి నిలబడి, "తినొచ్చు, ఇప్పే ఇది" అంది. పొరపాటున నోరు జారిందనుకోకండి, తెలిసే అంది. అది ఇప్పే కావాలని అంతగా కోరుకుంది పాపం.

అందరికంటే ముందు బుడ్డి ఉరికింది. అమ్మ చెప్పింది కదా. కింది కొమ్మ అందుకుని గబగబా మింగింది. మిగతావి చెట్టు దగ్గరకు చేరేలోపు గవ్వ నోట్లోకి ఆకు తిరిగొచ్చింది. కటిక చేదు. పెదవులు మొద్దుబారాయి.

"ఆగండి, తినకండి" అని కేకపెట్టింది. మంద ఆగింది. బుడ్డి అప్పటికే తినేసింది.

అది పచ్చగన్నేరు, ఆకు నిండా విషమే. గవ్వ తిన్నది ఒక్క ఆకే కాబట్టి రెండురోజులు తూలుతూ తిరిగి బతికి బయటపడింది. బుడ్డికి కాళ్ళు నిలవలేదు. తల్లి ఒడిలో తల పెట్టి, "నువ్వు తినొచ్చన్నావుగా అమ్మా" అంది. దాని గొంతులో కోపం లేదు, అర్థంకాక అడిగింది. పొద్దు వాలేలోగా దాని ఊపిరి ఆగిపోయింది.

గవ్వను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆడబిడ్డ పక్కన కూర్చుని, "నేను సణక్కుండా ఉండాల్సింది వదినా" అని ఏడ్చింది.

నాలుగు రోజులకు మంద వాగు దాటి నిజమైన ఇప్పచెట్టు దగ్గరకు చేరింది.

"నాకీ పని వద్దవ్వా" అంది గవ్వ.

"నువ్వే చెయ్యాలి. ఇక నీకంటే ఓపికగా ఎవరు ఆగుతారు?" అంది పోలమ్మ.

గవ్వ ఒక ఆకు తిని పడుకుంది. నీడ జరిగింది. నెమరు వచ్చింది, పోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఇంకాసేపు ఆగి, "తినండి" అంది. అందరూ కడుపునిండా తిన్నారు. పోలమ్మ బతిమాలితే గవ్వ కూడా తింది.

వారం తిరిగేసరికి గవ్వ పొదుగులో మళ్ళీ పాలు పడ్డాయి. తాగడానికి బుడ్డి లేదు.

నీతి: ఆకలి ఎంత తొందరపెట్టినా, తెలియని ఆకును తెలుసని చెప్పకూడదు. మన మాట నమ్మి అందరికంటే ముందు తినేవాళ్ళు మనవాళ్ళే.